లైనర్‌తో పోసిన పైల్ బలాన్ని ఏ లోతుకి ఆ లోతు లెక్కగట్టడం ఎలా

విజయవాడ చుట్టుపక్కల నది ఒడ్డున బ్రిడ్జి పైలింగ్, అంటే పునాదికి భూమిలో లోతుగా కాంక్రీటు స్తంభాలు (పైల్స్) పోయడం, చూసినవాళ్లకి ఈ వరస తెలిసే ఉంటుంది. ఇసుక పొరల్లో బోరు గోడ నిలవదు కాబట్టి ముందు స్టీల్ గొట్టాన్ని, అంటే సైట్‌లో అందరూ లైనర్ అనేదాన్ని, వైబ్రో హ్యామర్‌తో దింపుతారు, లోపల ఇసుక తోడేస్తారు, కేజ్ (రాడ్లతో కట్టిన పంజరం) దించి, ట్రెమీతో, అంటే కాంక్రీటుని అడుగు దాకా చేర్చే పైపుతో, కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక లైనర్ అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు దాని బలాన్ని డిజైన్‌లో కలుపుకోవాలా, వద్దా?

చాలా డిజైన్లలో అసలు కలపరు. అదేదో షట్టరింగ్ అన్నట్టు వదిలేసి లోపలి ఆర్‌సీసీ (రాడ్లున్న కాంక్రీటు) ఒక్కదాన్నే లెక్కేస్తారు. ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌లో కాంపోజిట్ సెక్షన్ (స్టీలూ కాంక్రీటూ కలిసి పనిచేసేది) ఎంచుకుని పై నుంచి కింది దాకా ఒకటే బలం ఇచ్చేస్తారు. మొదటి పద్ధతిలో డబ్బు వృథా, రెండో పద్ధతిలో ప్రమాదం. పైల్ నిలువునా ఒకే సెక్షన్ కాదు. పైల్స్ తలల్ని కలిపే క్యాప్ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, లైనర్ ఆగిపోయిన చోటు నుంచి ఇంకొకటి. ఈ మూడింటినీ విడివిడిగా ఎలా చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. అంకెలన్నీ నామినల్, అంటే సేఫ్టీ ఫ్యాక్టర్లు వేయలేదు, అవి మీ కోడ్ ప్రకారం మీరు వేసుకోవాలి.

గొట్టమూ కాంక్రీటూ కలిస్తే ఏమవుతుంది

ఖాళీ సత్తు గ్లాసుని చేత్తో నొక్కితే లోపలికి సొట్ట పోతుంది, అదే గ్లాసులో తడి ఇసుక కూరి నొక్కితే లోపలికి పోవడానికి చోటుండదు. లైనర్ సంగతీ అంతే. లోపల కాంక్రీటు ఉంటే రేకు బయటికి మాత్రమే ఉబ్బగలదు, దానికి చాలా ఎక్కువ బలం కావాలి. అటు కాంక్రీటుకీ లాభమే, చుట్టూ గొట్టం బిగించి ఉండటంతో పగిలినా చెదిరిపోదు. అందుకే భూకంపంలో అటూ ఇటూ ఊగినప్పుడు ఈ సెక్షన్ చాలాసేపు తట్టుకుంటుంది. చివరికి పోయేటప్పుడు కూడా ముందు నొక్కుడు పడే వైపు రేకు ఉబ్బుతుంది, లోడు తిరగబడి అదే చోట లాగుడు పడితే ఆ ఉబ్బు దగ్గర చిరుగుతుంది. అంటే పోయే ముందు హెచ్చరిక ఉంటుంది. 2016 నాటి భూకంప కోడ్ ఐఎస్ 1893 ప్రకారం విజయవాడ జోన్ 3లో ఉంది, జోన్ ఫ్యాక్టర్ 0.16, కాబట్టి ఈ గుణం మనకి పనికొచ్చేదే.

గొట్టం బిగింపు వల్ల కాంక్రీటు నొక్కుడు బలం పెరుగుతుందని పుస్తకాల్లో చాలా పేజీలుంటాయి. పైల్ విషయంలో దాని మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. కింద వచ్చే మన ఉదాహరణ సెక్షన్‌కి ఆ అదనం లేకుండానే నిలువు లోడు బలం 44,000 కిలోన్యూటన్లు దాటుతుంది. కృష్ణా ఇసుకలో 1200 మి.మీ. పైల్‌కి మట్టి అందులో చిన్న భాగమే ఇస్తుంది. నిలువు లోడుని మట్టే తేలుస్తుంది. లైనర్ అక్కరకొచ్చేది పక్క లోడుకీ, వంపుకీ.

ముందు స్కవర్, తర్వాతే స్టీల్

ప్రవాహం నది అడుగుని తవ్వేయడాన్ని స్కవర్ అంటారు. దానివల్ల పైల్ ఎంత పొడవున గాల్లో, అంటే నీళ్లలో, మట్టి ఆసరా లేకుండా నిలబడాలో తెలియకుండా మిగతాదేదీ తేలదు. స్కవర్ లోతుకి బ్రిడ్జి పునాదుల కోడ్ ఐఆర్‌సీ 78లో సూత్రం ఉంది. యూనిట్ డిశ్చార్జ్‌ని (మీటరు వెడల్పులో సెకనుకి వచ్చే ప్రవాహం) వర్గం చేసి, సిల్ట్ ఫ్యాక్టర్‌తో (అడుగు మట్టి రేణువుల సైజుని బట్టి ఉండే అంకె) భాగించి, ఘనమూలం తీసి, 1.34తో గుణించాలి. పియర్ (బ్రిడ్జి స్తంభం) దగ్గర దానికి రెట్టింపు. ఈ లోతుని కొలవాల్సింది హెచ్ఎఫ్ఎల్ (అత్యధిక వరద మట్టం) నుంచి, నది అడుగు నుంచి కాదు. ఈ పొరపాటు డ్రాయింగుల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

అంకెల అంచనా కోసం 2024 సెప్టెంబర్ వరద తీసుకుందాం. బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచిన ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది, అంటే సెకనుకి సుమారు 32 వేల ఘనపు మీటర్లు. బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లతో భాగిస్తే మీటరుకి సుమారు 26. సిల్ట్ ఫ్యాక్టర్ 1 అనుకుంటే లోతు 11.8 మీటర్లు, రెట్టింపు చేస్తే 23.5 మీటర్లు. బ్యారేజీకి కాంక్రీటు అడుగు, ఏప్రన్ ఉంటాయి కాబట్టి సరిగ్గా అక్కడ ఈ సూత్రం పనిచేయదు. ఇది మామూలు ఇసుక అడుగున్న చోట వరద ఎంత లోతు తవ్వగలదో ఊహకి అందడానికి మాత్రమే. మీ బ్రిడ్జి దగ్గర జలమార్గం వెడల్పు వేరు, డిశ్చార్జ్ వేరు, పైగా పరివాహక ప్రాంతాన్ని బట్టి డిశ్చార్జ్‌ని పెంచుకోవాలని కోడ్ చెబుతుంది.

గుంటూరు వైపు నల్లరేగడిలో చిన్న వాగు బ్రిడ్జికైతే ఈ గొడవ చాలావరకు ఉండదు. బోరు గోడ నిలుస్తుంది, స్కవర్ తక్కువ, పర్మనెంట్ లైనరే అక్కర్లేదు. అక్కడ దీనికి ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ.

రేకు మందం: తుప్పు తీసేశాక చూడండి

ఉదాహరణకి 1200 మి.మీ. బయటి వ్యాసం, ఐఎస్ 2062 ఈ250 ప్లేటు, ఎం35 కాంక్రీటు తీసుకుందాం. రేకు 16 మి.మీ. సరిపోతుందా?

వ్యాసాన్ని మందంతో భాగిస్తే వచ్చే అంకెని అందరూ డి/టి అంటారు. రేకు ఉబ్బుతుందా లేదా అన్నది దీన్నిబట్టి ఉంటుంది. యూరప్ కాంపోజిట్ కోడ్ యూరోకోడ్ 4 ప్రకారం గుండ్రటి గొట్టానికి ఇది 90 × 235 ÷ స్టీల్ ఈల్డ్ (స్టీల్ శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) దాటకూడదు, మన స్టీల్‌కి 84.6 అవుతుంది. అమెరికా బ్రిడ్జి కోడ్ ఆష్టో 0.15 × స్టీల్ ఇలాస్టిక్ మాడ్యులస్ ÷ ఈల్డ్ అంటుంది, అంటే 120. ఒకే గొట్టానికి రెండు కోడ్‌లు రెండు మాటలు చెబుతాయి. డిజైన్ ఏ కోడ్‌తో మొదలుపెట్టారో చివరిదాకా ఆ కోడ్‌తోనే చేయండి, ఇందులోంచి లిమిట్, అందులోంచి సూత్రం ఏరుకోవద్దు.

16 మి.మీ. కొత్త గొట్టానికి డి/టి 75, హాయిగా పాస్. కానీ తుప్పు మాటేంటి? యూరోకోడ్ 3 ఐదో భాగం పట్టికలో కదపని సహజ మట్టిలో 100 ఏళ్లకి 1.2 మి.మీ., మంచినీటి మట్టం దగ్గర 1.4 మి.మీ., కలుషితమైన మట్టిలో 3 మి.మీ. పోతుందని ఉంది. నగరం డ్రైన్లు కలిసే చోటైతే మూడో అంకె వైపే మొగ్గండి. ఇక్కడ మామూలు చోటని 2 మి.మీ. తీసేద్దాం. బయటి వ్యాసం 1196, మందం 14, డి/టి 85.4. వెంట్రుకవాసిలో ఫెయిల్! కొన్న రోజున పాసైన గొట్టం బ్రిడ్జి ముసలిదయ్యేసరికి ఫెయిలవుతోంది. అందుకని 18 మి.మీ. తీసుకుని, లెక్కంతా 16 మి.మీ. మిగిలిన గొట్టంతో చేద్దాం. ఇప్పుడు డి/టి సుమారు 75.

మధ్య భాగం: ఇక్కడ గొట్టం రాజు

మిగిలిన స్టీల్ విస్తీర్ణం సుమారు 59,300 చదరపు మి.మీ., సెక్షన్ మొత్తంలో 5.3 శాతం. అంత తక్కువేనా అనిపిస్తుంది, కానీ అదంతా అంచునే ఉంది. వంపుకి ఎదురు నిలిచే బిగువు, అంటే ఈఐ, లెక్కేస్తే స్టీల్‌ది ఒక్కటే 20.7 లక్షల కిలోన్యూటన్-చదరపు మీటర్లు, పగలని కాంక్రీటు మొత్తానిది 26.7 లక్షలు. ఐదు శాతం స్టీల్ దాదాపు సగం పని చేస్తోందన్నమాట.

కాంక్రీటు పగులుతుంది కాబట్టి దాన్ని పూర్తిగా తీసుకోకూడదు. యూరోకోడ్ 4 అందులో 0.6 వంతు తీసుకోమంటుంది, మొత్తం 36.6 లక్షలు వస్తుంది. అమెరికా స్టీల్ కోడ్ ఏఐఎస్‌సీ సూత్రంతో చేసినా 36.9, దాదాపు అదే. ఆష్టో మాత్రం నిలువు లోడు తక్కువున్నప్పుడు కాంక్రీటుని బాగా తగ్గిస్తుంది, లోడు సున్నా అయితే 26 లక్షల దగ్గర ఆగుతుంది. పైల్ కదలిక ఎక్కువ వస్తే ప్రమాదమనే చోట ఈఐ తక్కువ తీసుకుని చూడండి. భూకంప బలం ఎక్కువ వస్తే ప్రమాదమనే చోట ఈఐ ఎక్కువ తీసుకుని కూడా చూడండి. రెండూ చేయడానికి అదనంగా పట్టేది పది నిమిషాలు.

ఇప్పుడు వంపు బలం. స్టీల్ అంతా ఈల్డ్ అయింది, నొక్కుడు వైపు కాంక్రీటు పూర్తి ఒత్తిడిలో ఉంది అనుకుని బ్యాలెన్స్ చేసే ప్లాస్టిక్ పద్ధతి ఇలాంటి గుండ్రటి సెక్షన్‌కి బాగా సరిపోతుంది. ఖాళీ గొట్టానికి 5,570 కిలోన్యూటన్-మీటర్లు వస్తే, కాంక్రీటు కలిపాక, నిలువు లోడు లేకుండానే, సుమారు 6,900 వస్తుంది. కేజ్‌ని లెక్కలో వేయలేదు.

ఈ 6,900 ఊరికే రాదు. ఆ స్థితిలో కాంక్రీటులోని నొక్కుడు బలం సుమారు 5,200 కిలోన్యూటన్లు. గొట్టంలో లాగుడు వైపు బలం నొక్కుడు వైపు కంటే సరిగ్గా అంతే ఎక్కువ. ఆ తేడా గొట్టం లోపలి గోడ మీదుగా చేతులు మారాలి. యూరోకోడ్ 4 గుండ్రటి గొట్టం లోపల 0.55 మెగాపాస్కల్ బాండ్ (కాంక్రీటుకీ గోడకీ మధ్య పట్టు) ఇస్తుంది, నాలుగు మీటర్ల పొడవు దొరికితే 8,000 కిలోన్యూటన్లు దాటుతుంది. కాగితం మీద చాలు.

సైట్‌లో చిప్పింగ్ (పైల్ తల మీది పనికిరాని కాంక్రీటు కొట్టేయడం) అయ్యాక పైల్ తల దగ్గర కూర్చుని చూడండి. లైనర్‌కీ కాంక్రీటుకీ మధ్య బూడిద రంగులో సన్నటి జిడ్డు పొర కనిపిస్తే అది బెంటోనైట్, బోరు గోడ కూలకుండా నింపే బంకమట్టి ద్రావణం వదిలింది. గోరుతో గీకితే మైనంలా వచ్చేస్తుంది. అది ఉన్నచోట 0.55 అనే అంకె మర్చిపోవాల్సిందే. దానికి తోడు కాంక్రీటు ఆరి కుంచించుకుంటుంది. చిన్న గొట్టంలో ఆ ఎడం లెక్కలోకి రాదు గానీ, వ్యాసం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పైల్ వంగినప్పుడు కాంక్రీటు ఒక వైపు గోడని గట్టిగా ఒరుసుకుని బాండ్ కొంత తిరిగొస్తుందని వాషింగ్టన్ యూనివర్సిటీలో చార్లెస్ రోడర్ బృందం చేసిన పరీక్షలు చూపించాయి. మంచిదే, కానీ జిడ్డు పొరకి అది మందు కాదు.

అందుకని చేయాల్సింది ఇది. లైనర్ కింది అంచు గట్టి బంకమన్నులో కూర్చుంటే లోపల బెంటోనైట్ మానేసి నీళ్లతోనే తోడించండి, లోపలి నీటి మట్టం బయటి కంటే ఎత్తుగా ఉంచండి. బెంటోనైట్ తప్పదంటే, కేజ్ దించే ముందు కెల్లీకి (రిగ్ తిప్పే కడ్డీకి) తీగ బ్రష్ కట్టించి గోడని తోమించండి, ఆపరేటర్ సణుగుతాడు, సణగనివ్వండి. ఇంకా నమ్మకం కావాలంటే లైనర్ లోపల రింగులు వేయించాలి, అక్కడ ఒక చిక్కుంది. డిజైన్ ఆఫీసులో కూర్చున్నవాళ్లు మందం రాడ్డు రింగులు గీసేస్తారు, తోడే బకెట్ వాటికి తగిలి పీకేస్తుంది. బకెట్‌కీ గోడకీ మధ్య ఎంత ఎడముందో రిగ్ వాళ్లని అడిగి, దానికంటే తక్కువ ఎత్తున్న వెల్డ్ పూసల రింగులు పెట్టించండి.

క్యాప్ దగ్గర: ఇక్కడ గొట్టం లేనట్టే

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. మన దగ్గర మామూలు డీటెయిల్‌లో లైనర్‌ని కట్-ఆఫ్ లెవెల్ (పైల్ తల ఆగే మట్టం) దగ్గర కోసేస్తారు, క్యాప్‌లోకి నాలుగు వేళ్ల మందం వెళితే గొప్ప. క్యాప్‌లోకి సరిగ్గా ఎక్కేవి కేజ్ రాడ్లు మాత్రమే. లాగుడు వైపు గొట్టాన్ని పట్టుకునేవాడు లేడు కాబట్టి ఆ చోట గొట్టం వంపు బలం సున్నా.

మన పైల్‌లో 25 మి.మీ. ఎఫ్ఈ500 రాడ్లు 24 ఉన్నాయనుకుందాం, 75 మి.మీ. కవర్. నిలువు లోడు లేకుండా ఆ ఆర్‌సీసీ సెక్షన్ బలం 2,600 నుంచి 2,700 కిలోన్యూటన్-మీటర్ల మధ్య వస్తుంది. మధ్య భాగంలో 6,900, ఇక్కడ అందులో సగం కూడా లేదు. పైగా పైల్ గ్రూప్‌లో తల తిరగకుండా క్యాప్ పట్టుకుంటుంది కాబట్టి పెద్ద మొమెంట్ (పైల్‌ని వంచే ప్రభావం) వచ్చేది సరిగ్గా ఈ చోటే. బలం ఎక్కడ ఎక్కువుందో అక్కడ మొమెంట్ తక్కువ, మొమెంట్ ఎక్కడ ఎక్కువో అక్కడ బలం తక్కువ.

దారులు రెండు. ఒకటి, క్యాప్ దగ్గర సెక్షన్‌ని ఆర్‌సీసీగానే లెక్కగట్టి కేజ్ పైభాగంలో రాడ్లు పెంచడం, వాటిని గొట్టం లోపలికి డెవలప్‌మెంట్ లెంగ్త్‌కి (రాడ్డుకి కాంక్రీటులో పూర్తి పట్టు దొరికే పొడవు) మించి దించడం. రెండోది, గొట్టాన్నే క్యాప్‌లోకి లోతుగా దూర్చి, దాని చివర బయటికీ లోపలికీ వచ్చే రింగు ప్లేటు వెల్డ్ చేయడం. రెండోదానిలో గొట్టం పూర్తి బలం క్యాప్‌లోకి వెళుతుంది, కానీ క్యాప్ లోతు పెరుగుతుంది, అడుగు మెష్ రాడ్లు గొట్టానికి అడ్డం వస్తాయి. మామూలు రోడ్డు బ్రిడ్జికి నేనైతే మొదటిదే తీసుకుంటాను. ఒంటి పైల్ మీద ఒంటి కాలమ్ నిలబెట్టే చోట మాత్రం రెండోది ఆలోచించదగ్గది.

లైనర్ ఎక్కడ ఆపాలి

దీనికి పైల్స్ కోడ్ ఐఎస్ 2911లోని స్టిఫ్‌నెస్ ఫ్యాక్టర్ చాలు. ఇసుకలో అయితే ఈఐని మట్టి మాడ్యులస్‌తో (పక్క తోపుకి మట్టి ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె) భాగించి ఐదో మూలం తీయాలి. నీళ్లలో మునిగిన మధ్యస్థ ఇసుకకి కోడ్ పట్టికలో 1,400 నుంచి 5,000 కిలోన్యూటన్లు పర్ ఘనపు మీటర్ ఉంటుంది, 3,000 తీసుకుంటే మనకి 4.1 మీటర్లు వస్తుంది. ఐదో మూలం కాబట్టి ఈఐ రెట్టింపైనా ఈ పొడవు 15 శాతమే పెరుగుతుంది. ఈఐ ఏ కోడ్‌తో తీశారని ఇక్కడ కొట్టుకోనక్కర్లేదు.

తల స్వేచ్ఛగా ఉన్న పైల్‌కి, లోడు స్కవర్ మట్టం దగ్గరే పడితే, పెద్ద మొమెంట్ ఈ పొడవుకి 1.3 రెట్ల లోతులో వస్తుంది, అంటే స్కవర్ మట్టం కింద ఐదున్నర మీటర్ల దగ్గర. మూడు రెట్ల లోతుకి మొమెంట్ పెద్దదానిలో మూడో వంతుకి లోపే, నాలుగు రెట్లకి దాదాపు సున్నా. లోడు పైన ఎక్కడో పడితే, ఉదాహరణకి స్కవర్ మట్టానికి 10 మీటర్ల పైన 200 కిలోన్యూటన్లు, స్కవర్ మట్టం దగ్గరే 2,000 కిలోన్యూటన్-మీటర్ల మొమెంట్ ఉంటుంది, కిందికి దిగాక 2,350 దాటి, తర్వాత తగ్గుతుంది.

కాబట్టి లైనర్ బలాన్ని వాడుకుంటున్నామంటే దాన్ని స్కవర్ మట్టం కింద ఈ 4.1 మీటర్లకి కనీసం మూడు రెట్లు, మన లెక్కలో 12 నుంచి 13 మీటర్లు దింపాలి. స్కవర్ మట్టం దగ్గర ఆపేసి కాంపోజిట్ బలం కావాలంటే కుదరదు. లైనర్ ఆగిన చోట మిగిలిన మొమెంట్‌ని కింది ఆర్‌సీసీ ఒక్కటే మోయగలదా అని విడిగా చెక్ రాయండి. కేజ్‌లో రాడ్లు తగ్గించాలనుకుంటే ఆ మట్టానికి బాగా కిందికి వెళ్లాకే తగ్గించండి. లైనర్ అంచూ, రాడ్లు తెగే చోటూ ఒకే మట్టంలో పడితే అక్కడే పగులు మొదలవుతుంది.

లైనర్ ఉన్న పొడవున ఇసుకతో రాపిడి తక్కువ కాబట్టి స్కిన్ ఫ్రిక్షన్ తగ్గించి తీసుకోండి. స్కవర్ పై భాగానిది ఎలాగూ లెక్కలోకి రాదు.

వెల్డింగ్, పోత, పరీక్ష

లైనర్‌ని షట్టరింగ్ అనుకున్నంతకాలం జాయింట్ వెల్డింగ్ ఎవరూ పట్టించుకోరు, నీళ్లు కారకపోతే చాలు. బలంలో కలిపాక అది మెయిన్ స్టీల్. బట్ వెల్డ్ పూర్తి మందం లోపలికి దిగాలి, అల్ట్రాసోనిక్ చేయించాలి. పంటు మీద నిలబడి, గాలికి ఊగుతూ, టార్చి వెలుగులో వేసిన వెల్డ్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైన చెప్పిన పెద్ద మొమెంట్ లోతులో జాయింట్ పడకుండా ముక్కల పొడవులు ముందే ప్లాన్ చేసుకోవచ్చు, ఖర్చేమీ లేదు.

పోతలో కొత్తేమీ లేదు. స్లంప్ (తడి కాంక్రీటు జారుడు కొలత) 150 నుంచి 180 మి.మీ., సిమెంట్ ఘనపు మీటరుకి 400 కిలోలకి తగ్గకుండా. కాకపోతే రోహిణి కార్తె ఎండల్లో మన ఊళ్లో పగలు పోయకండి. ఎండకి కాగిన లైనర్ పైభాగం, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ట్రాన్సిట్ మిక్సర్, రెండూ కలిస్తే ట్రెమీ బిగుసుకుపోవడం ఖాయం.

ఇంటిగ్రిటీకి, అంటే పైల్‌లో లోపాలున్నాయా చూడటానికి, సుత్తితో కొట్టే పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. లైనర్ ఆగిన చోట సెక్షన్ మారుతుంది కాబట్టి అక్కడ సిగ్నల్ మారుతుంది, అది లోపమా కాదా అని వాదన మొదలవుతుంది. కేజ్‌కి ముందే సన్న గొట్టాలు కట్టి క్రాస్-హోల్ సోనిక్ (ఒక గొట్టం నుంచి ఇంకోదానికి ధ్వని పంపి చూసే పరీక్ష) చేయించండి. పక్క లోడు పరీక్షకి ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం 5 మి.మీ. కదలిక దగ్గరి లోడు, 12 మి.మీ. దగ్గరి లోడులో సగం, ఈ రెండింట్లో తక్కువది తీసుకోవాలి. రిపోర్టులో ఆ ఒక్క అంకె చూసి ఫైలు మూసేయకుండా లోడు-కదలిక గ్రాఫ్ అడిగి తెచ్చుకోండి. పరీక్ష రోజు నది అడుగు స్కవర్ మట్టం కంటే చాలా పైనుంటుంది, కాబట్టి ముందు ఆ రోజు మట్టంతో మీ లెక్క మళ్లీ చేసి గ్రాఫ్‌తో పోల్చండి. మొదటి లోడు మెట్ల దగ్గరే కదలిక లెక్క కంటే బాగా ఎక్కువ వస్తే మట్టి మాడ్యులస్ ఎక్కువ తీసుకున్నారని ముందు అనుమానించండి, ఆ తర్వాతే ఈఐ వైపు చూడండి.